పొరపాటు సేనానిదా, రచయితదా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి మొత్తం చదివాను. తొమ్మిదో అధ్యాయం దగ్గర నీ మిత్రులు రెండు వర్గాలుగా చీలిపోయారని రాశావు. నలభై వేల సైన్యంతో కోటలో భద్రంగా ఉన్న సేనాని, రాత్రికి రాత్రి బయటికి వచ్చి ఏటి ఒడ్డు మైదానంలో శత్రువుతో తలపడడం బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా అని ఒక వర్గం అడుగుతోంది. రెక్కల సర్పాలు నిప్పులు కక్కే లోకంలో ఈ లెక్కలన్నీ ఎందుకని రెండో వర్గం కొట్టిపారేస్తోంది. ఎవరి పక్షం న్యాయమో చెప్పమన్నావు.

రెండో వర్గం మాటను ముందు పక్కన పెట్టెయ్యి. వాళ్లు నీ మీద ప్రేమతో మాట్లాడుతున్నారు, కానీ ఆ ప్రేమ నీకు మేలు చేయదు. పాఠకుడు మొదటి పేజీలోనే రెక్కల సర్పాన్ని ఒప్పుకున్నాడు. నమ్మమన్నావు, నమ్మాడు. మనుషులకు ఆకలి వేయదని, గుర్రాలకు దప్పిక కాదని, చీకట్లో నలభై వేలమంది ఒక్కడిలా నడుస్తారని నువ్వు ఎక్కడా చెప్పలేదు. చెప్పనివన్నీ మనకు తెలిసిన లోకంలో ఉన్నట్టే ఉంటాయని అతను అనుకుంటాడు. అలా అనుకునే హక్కు అతనికి ఉంది. కల్పన ఎంత పెద్దదైతే, దాని చుట్టూ ఉన్న మామూలు సంగతులు అంత గట్టిగా నిలబడాలి.

ఇక మొదటి వర్గం. వాళ్ల అసంతృప్తి నిజమైనది, కారణం మాత్రం సరిగ్గా పట్టుకోలేకపోయారు. బుద్ధి ఉన్న సేనాని అలా చేయడు అంటున్నారు. చేస్తాడమ్మా. చరిత్ర నిండా బుద్ధిమంతులు అంతకంటే ఘోరమైన నిర్ణయాలు తీసుకున్నారు. అందులో ఒకటి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నీ అధ్యాయానికి కావలసిన పాఠమంతా అందులో ఉంది.

1187 జులై మొదట్లో జెరూసలేం క్రైస్తవ రాజు గీ తన సైన్యాన్ని సఫూరియా ఊటల దగ్గర నిలిపాడు. ఇరవై వేలకు దగ్గరగా ఉన్న సైన్యం, నీటికి కొదవ లేని చోటు. ముస్లిం సుల్తాను సలాదీన్ అవతల టైబీరియస్ పట్టణాన్ని ముట్టడించాడు. అక్కడి కోటలో చిక్కుకుపోయినది ట్రిపోలీ ప్రభువు రేమండ్ భార్య. మధ్యలో పాతిక కిలోమీటర్ల దారి, మండు వేసవి, అంత సైన్యానికి చాలినన్ని నీళ్లు దారిలో లేవు. కదలవద్దని సభలో అందరికంటే గట్టిగా చెప్పినవాడు ఆ రేమండే. తన భార్య కోటలో ఉన్నా సరే, ఊటలు విడిచిపెడితే సైన్యమే మిగలదన్నాడు. రాజు ఒప్పుకున్నాడు. ఆ రాత్రి టెంప్లర్లనే క్రైస్తవ యోధుల సంఘం నాయకుడు జెరార్డ్ రాజు గుడారానికి వెళ్లి, రేమండ్ ద్రోహి అని, అతని మాట వింటే పరువు పోతుందని నూరిపోశాడు. తెల్లవారేసరికి ప్రయాణభేరి మోగింది.

రాజు ఎందుకు మాట మార్చాడు? నాలుగేళ్ల ముందు, 1183లో, సలాదీన్ ఇలాగే దండెత్తి వచ్చినప్పుడు గీ రాజప్రతినిధిగా ఉన్నాడు. నీళ్లు విడవకుండా, యుద్ధానికి దిగకుండా, ఓపికగా కూర్చున్నాడు. సలాదీన్ వెనుదిరిగి వెళ్లిపోయాడు. యుద్ధతంత్రం ప్రకారం అది సరైన పనే. అయినా అందరూ అతన్ని పిరికివాడన్నారు, పదవి కూడా ఊడింది. ఇప్పుడు అతని తల మీద కిరీటం ఉంది, అది అతనికి తగదనేవాళ్లు చుట్టూ ఉన్నారు. రేమండ్ మొన్నమొన్నటిదాకా సలాదీన్‌తో సంధి చేసుకుని ఉన్నవాడు. అలాంటి మనిషి చెవిలో అర్ధరాత్రి పడిన మాట అది. బయలుదేరిన మరునాడు హత్తిన్ కొమ్ములనే జంట శిఖరాల కొండ దగ్గర దాహంతో సొమ్మసిల్లిన సైన్యం చుట్టూ ఎండుగడ్డికి నిప్పు పెట్టారు. రాజు బందీ అయ్యాడు. అక్టోబరు వచ్చేసరికి జెరూసలేం చేజారింది.

ఆ నిర్ణయాన్ని ఎత్తుగడగా చూస్తే తల పట్టుకోవాలి. కథగా చూస్తే ఎక్కడా అతుకు కనిపించదు. ఒకసారి సరైన పని చేసి శిక్ష అనుభవించినవాడు రెండోసారి తప్పు పని చేశాడు. అది అతని పొరపాటు, అతని స్వభావంలోంచి, అతని గతంలోంచి పుట్టింది. నీ సేనాని పొరపాటు మాత్రం అతనిది కాదు, నీది. పదో అధ్యాయంలో ఏటి ఒడ్డున యువరాజు చనిపోవాలి. అందుకని నువ్వు సైన్యాన్ని మెడపట్టి బయటికి గెంటావు. "ఇక ఆగేది లేదు" అని సేనాని గర్జించడం తప్ప ఆ పేజీలో మరో కారణం లేదు. పాఠకుడికి అక్కడ నీ చెయ్యి కనిపించింది. నీ మిత్రులు కోప్పడింది ఆ చేతి మీద.

విచిత్రం ఏమిటంటే, కారణం నీ నవలలోనే ఉంది, నువ్వే చూడలేదు. నాలుగో అధ్యాయంలో కోట ధాన్యపు కొట్టు వర్ణించావు. పైకప్పు కారి గింజలు మొలకెత్తాయని, ముక్కిన వాసన వస్తోందని రెండు వాక్యాలు రాశావు. చక్కని వాక్యాలు. ఆ తరువాత ఆ కొట్టు ఊసే లేదు. దాన్ని బయటికి తీసుకురా. ఎంత తిండి మిగిలిందో సేనానికి తెలియాలి, సైనికులకు తెలియకూడదు. ముట్టడి మొదలైతే పన్నెండో రోజుకు గుర్రాలను కోసుకు తినాల్సి వస్తుందని అతనొక్కడికే తెలిస్తే, ఆ అర్ధరాత్రి ప్రయాణానికి అర్థం వస్తుంది. అది తప్పుడు నిర్ణయమే కావచ్చు. అయినా పాఠకుడు అతని పక్కన నిలబడి తప్పు చేస్తాడు. నిలబెట్టడమే నీ పని.

తిండి మాట వచ్చింది కాబట్టి, ఆ రాత్రి నడక గురించి చెప్పాలి. కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి. నలభై వేలలో ఎనిమిది వేలు రౌతులని నువ్వే రాశావు. మిగిలిన ముప్పై రెండు వేల కాల్బలం వరుసకు నలుగురు చొప్పున నడిస్తే ఎనిమిది వేల వరుసలు. వరుసకు రెండు మీటర్ల చోటిచ్చినా పదహారు కిలోమీటర్లు. రౌతులు నలుగురేసి నడిస్తే రెండు వేల వరుసలు, ఒక్కో వరుసకు నాలుగు మీటర్లు, మరో ఎనిమిది. బండ్లు లేకుండానే ఇరవై నాలుగు కిలోమీటర్ల పొడవున్న సైన్యం అది. గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచినా, ఆ మొత్తం కోటద్వారం దాటడానికి ఆరు గంటలు పడుతుంది. ఏరు ఇరవై కిలోమీటర్ల దూరమన్నావు. అంటే ముందున్నవాడు ఏటి నీళ్లు తాగే వేళకు చివరివాడు ఇంకా కోటలోనే నిలబడి ఉంటాడు! చీకట్లో, బురదలో, కవచాలతో ఈ వేగం కూడా ఉండదు.

ఇక్కడే నీకు ఒక గొప్ప దృశ్యం దొరుకుతుంది. నీ రాతప్రతిలో సూర్యోదయానికి సైన్యమంతా వరుసల్లో నిలబడి ఉంది. నిజానికి సగం సైన్యం దారిలో ఉండాలి. ఒడ్డుకు చేరినవాళ్లు అలసిపోయి కూలబడి ఉండాలి. సేనాని వెనక్కి తిరిగి చూస్తూ, మిగిలినవాళ్లు వచ్చేదాకా ఆగాలా, ఉన్నవాళ్లతో కలబడాలా అని తేల్చుకోవాలి. యువరాజు ఆ తొందరలో చనిపోతే ఆ చావుకు బరువు వస్తుంది. లెక్కలు కథను కట్టేస్తాయని చాలామంది భయపడతారు. నా అనుభవంలో అవి తెచ్చిపెట్టినన్ని దృశ్యాలు ఊహ ఒక్కటే తేలేదు.

తిండి లెక్క కూడా అంతే. మనిషికి రోజుకు సుమారు కిలో గింజలు, గుర్రానికి నాలుగైదు కిలోల దాణా, ఆపైన గడ్డి, ముప్పై లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు. నీ సైన్యానికి రోజుకు డెబ్బై టన్నులు దాటుతుంది, గడ్డి, నీళ్లు కలపకుండా. బండికి అయిదు వందల కిలోలు వేసుకున్నా నూట నలభైకి పైగా బండ్లు ఒక్కరోజు తిండికే కావాలి. ఆ బండ్లు లాగే ఎడ్లు కూడా తినాలి. ఇందుకే కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దండయాత్రకు ముందే మజిలీల దగ్గర గడ్డి, కట్టెలు, నీళ్లు ఎక్కడెక్కడ దొరుకుతాయో లెక్క కట్టుకోమన్నాడు, అవసరానికి రెట్టింపు తిండి మోసుకెళ్లమన్నాడు. దీర్ఘకాలపు దండయాత్రకు మార్గశిరం మంచిదన్నాడు. కత్తి తిప్పడం గురించి చెప్పినదానికంటే ఇలాంటివే ఎక్కువ చెప్పాడాయన.

ముట్టడి అంటే లోపలివాళ్లు మాత్రమే ఆకలితో మాడిపోవడం కాదు. 1687లో గోల్కొండను చుట్టుముట్టిన ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు అక్కడే ఉండిపోయింది. కరువు, వరదలు, రోగాలు బయటి విడిదిని పీల్చి పిప్పి చేశాయి. గోడ కింద పెట్టిన మందుపాతరలు ఎదురు తిరిగి పెట్టినవాళ్లనే చంపాయి. చివరికి ఆ కోట ద్వారం లోపలి మనిషి ద్రోహంతో తెరుచుకుంది. నీ పన్నెండో అధ్యాయంలో శత్రువు మూడు నెలలు కోట చుట్టూ కూర్చుని, మొదటి రోజు ఎంత బలంగా ఉన్నాడో చివరి రోజూ అంతే బలంగా ఉన్నాడు. వాళ్లలోనూ కొందరిని జ్వరంతో పడుకోబెట్టు.

ఈ అంకెలన్నీ నవలలో దించమని చెప్పడం లేదు. దించితే చంపేస్తాయి. నీకు తెలిస్తే చాలు, వాక్యాల్లోకి వాటంతట అవే చేరతాయి.

అంకెల్లో ఇంకో పద్ధతి కూడా ఉంది, దాన్ని తక్కువ చేయకు. భారతంలో ఒక అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. అటు పదకొండు, ఇటు ఏడు. పద్దెనిమిది అక్షౌహిణుల దాణా ఎక్కడినుంచి వచ్చిందని అక్కడ ఎవరూ అడగరు. ఆ స్వరం మొదటినుంచీ ఇతిహాసపు స్వరం, అంకె అక్కడ వైభవానికి గుర్తు. నువ్వు కూడా ఆ గొంతుతో రాయవచ్చు. కానీ సైనికుడి చెప్పు తెగడం, కాలి బొబ్బ చితకడం రాసిన గొంతుతోనే లక్షల సైన్యాలను గాల్లోంచి పుట్టించకూడదు. నువ్వు బొబ్బను ఎంచుకున్నావు. మంచి ఎంపిక. దానికి కట్టుబడి ఉండు.

భారతం తీశాను కాబట్టి నీ రెక్కల సర్పం సంగతికి కూడా అక్కడికే వెళదాం. మూడో అధ్యాయంలో ఆ సర్పం ఒక నౌకాదళాన్ని ఒక్క పూటలో తగలబెట్టింది. తొమ్మిదో అధ్యాయంలో అది ఎక్కడుంది? మాటమాత్రంగానైనా లేదు. ఉంటే యుద్ధం అర పేజీలో ముగిసిపోతుంది కాబట్టి దాచేశావు. పాఠకుడు దాన్ని మరిచిపోడు.

కర్ణుడి శక్తి ఆయుధం గుర్తు తెచ్చుకో. కవచకుండలాలు ఇచ్చేసి ఇంద్రుడి దగ్గర తీసుకున్నాడు. ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. ఆ ఆయుధం అతని దగ్గర ఉన్నంతకాలం యుద్ధమంతా దాని చుట్టూ తిరిగింది. కృష్ణుడు అర్జునుణ్ణి కర్ణుడి ఎదుట పడకుండా తప్పిస్తూ వచ్చాడు. పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు కౌరవ సైన్యాన్ని చీల్చి చెండాడుతున్నాడు. చుట్టూ అందరూ కర్ణుణ్ణి బతిమాలుతున్నారు. ఇప్పుడు వదలకపోతే తెల్లవారేసరికి సైన్యం ఉండదు, వదిలితే అర్జునుడు బతికిపోతాడు. కర్ణుడు వదిలాడు. ఘటోత్కచుడు కూలాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు ఆనందం పట్టలేకపోయాడు. అద్భుతమైన ఆయుధం ఒకటి, దానికో హద్దు, ఆ హద్దు తెలిసిన శత్రువు, తెలిసీ దాన్ని వాడక తప్పని రాత్రి. ఇంతకు మించిన యుద్ధవ్యూహం నాకు తెలియదు, ఇంతకు మించిన కథా లేదు. రెండూ ఒకే చోట పుట్టాయి.

నీ సర్పానికి హద్దు ఏమిటో తేల్చుకో. ఒకసారి నిప్పు కక్కితే ఎన్నాళ్లు పడుకోవాలి? వానలో ఎగరగలదా? దానికి పెట్టే తిండి ఎవరి నోటి దగ్గరిది? ఆ హద్దు మూడో అధ్యాయంలోనే, నౌకాదళం తగలబడిన సంతోషంలో, చిన్నగా కనిపించాలి. తొమ్మిదిలో అవసరం పడ్డాక చెబితే సాకు అవుతుంది.

శత్రువు వైపు నుంచి కూడా ఆలోచించు. ఆ రాజ్యానికి సర్పాలు మూడు తరాలుగా తెలుసన్నావు. అయినా వాళ్ల విడిదిలో గడ్డి కప్పులే ఉన్నాయి, వాళ్ల సైన్యం పట్టపగలు ఒకే ముద్దగా కదులుతోంది. మనుషులు అంత మందబుద్ధులు కారు. ఫిరంగులు వచ్చాక యూరప్‌లో ఎత్తైన పలుచని గోడలు పోయి, పొట్టిగా, మందంగా, కోణాలుగా పొడుచుకు వచ్చిన బురుజుల కోటలు వచ్చాయి. ముట్టడి యంత్రాలకు నిప్పు అంటకుండా పచ్చితోళ్లు కప్పేవారు. మూడు తరాలు ఆకాశంలోంచి నిప్పు పడిన దేశంలో ఇళ్లు ఎలా కడతారు, పంట కుప్పలు ఎక్కడ పెడతారు, పిల్లలకు ముందుగా ఏ శబ్దం నేర్పుతారు? ఇది రాస్తే నీ లోకం నిజమవుతుంది.

పన్నెండో అధ్యాయం చివర కొండజాతి సైన్యం ఊడిపడడం గురించి ఎక్కువ చెప్పను. కాగల కార్యం గంధర్వులే తీర్చారు. చివరి క్షణంలో సాయం రావడం తప్పేమీ కాదు, 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్‌తో జరిగిన పోరులో ప్రష్యా సైన్యం అలాగే వచ్చింది. కానీ ఆంగ్ల సేనాని వెల్లింగ్టన్ అక్కడ నిలబడి పోరాడింది ప్రష్యా సేనాని బ్లూషర్ వస్తానన్న మాట నమ్మే. రెండు రోజుల ముందు ఓడిపోయిన ప్రష్యన్లు తమ దేశం వైపు కాకుండా ఉత్తరంగా వావ్రె వైపు వెనక్కి తగ్గారు కాబట్టే మళ్లీ రాగలిగారు. బురద దారిలో గంటలు గంటలు ఆలస్యమయ్యారు. సాయం వస్తుందని తెలిసి, ఇంకా రాలేదని గుండెలు అరచేత పట్టుకుని చూడడంలో ఉన్న ఉత్కంఠ, ఎవరూ అనుకోని సైన్యం హఠాత్తుగా దిగడంలో లేదు. కొండజాతి వాళ్లను ఆరో అధ్యాయంలోనే పిలువు. వాళ్లు అవుననకుండా, కాదనకుండా దూతను తిప్పి పంపాలి.

ఇంకొక్కటి. నీ సైనికులు ఆఖరి మనిషి దాకా పోరాడతారు, ప్రతి యుద్ధంలోనూ. నిజంగా సైన్యాలు చచ్చి ఓడిపోయిన సందర్భాలు తక్కువ, చెదిరి ఓడిపోయినవే ఎక్కువ. పాత యుద్ధాల్లో ఎక్కువమంది చనిపోయింది వెన్ను చూపి పరుగెత్తేటప్పుడు. 1565లో రాక్షసి తంగడి దగ్గర అళియ రామరాయలు పట్టుబడి, అతని తల అందరికీ కనిపించాక విజయనగర సైన్యం నిలవలేదు. అంతదాకా ఉన్న అంకెలు ఆ క్షణంలో అర్థం కోల్పోయాయి. భయం ఎలా పాకుతుందో, ఎవరు మొదట వెనక్కి చూస్తారో రాయి. నీకు మనుషుల ముఖాలు రాయడం వచ్చు, యుద్ధంలో మాత్రం ఆ నేర్పు ఎందుకో దాచుకుంటున్నావు.

మిత్రుల వాదనలు మానవద్దు, వింటూ ఉండు. అయితే వాళ్లలో కొందరు సేనాని ప్రతి అడుగూ సరిగ్గా వేయాలని కోరుకుంటారు. ఆ కోరిక తీర్చకు. వాళ్లను ఒప్పించడానికి పాత్రల చేత వివరణలు చెప్పించకు. "మనం తూర్పు ద్వారం ఎందుకు వాడలేదంటే" అని ఎవరైనా సంభాషణ మొదలుపెడితే, అది పాఠకుడి ఉత్తరానికి నీ జవాబు అని ఇట్టే తెలిసిపోతుంది. ఎవరైనా తప్పు పట్టినప్పుడు నిన్ను నువ్వు ఒక్క ప్రశ్న వేసుకో: ఆ క్షణంలో ఈ పాత్రకు ఏమి తెలుసు, ఏమి కావాలి? ఆ రెండింటితోనే నిర్ణయం పుడితే వాదనను నవ్వుతూ వదిలెయ్యి. పుట్టకపోతే పేజీ చింపెయ్యి.

ఇప్పుడు చేయవలసింది. తొమ్మిదో అధ్యాయాన్ని ముట్టుకోకు. ముందు అదే రాత్రి శత్రువు గుడారంలో జరిగే ఆలోచన సభ రాయి. నవలలో పెట్టకపోయినా సరే. వాళ్ల సేనాధిపతికి కోటలో ఎంత తిండి ఉందో తెలుసా? తెలియకపోతే ఏమని ఊహిస్తున్నాడు? సర్పం సంగతి వేగులు ఏమి చెప్పారు, అందులో ఏది అబద్ధం? అతని మాటకు ఎదురు చెప్పేది ఎవరు? నీకు వాడంటే అసహ్యం కాబట్టి ఇంతవరకు వాడికి ఒక్క తెలివైన మాట కూడా ఇవ్వలేదు. ఈ సభలో గెలవడానికి వాడికి నిజమైన అవకాశం ఇవ్వు. ఆ పేజీలు పూర్తికాగానే, దిద్దకుండా, కోటనుంచి ఏటిదాకా నువ్వు గీసుకున్న పటంతో సహా నాకు పంపు. సభ చదివాక సర్పం ఆ రాత్రి ఎక్కడ ఉండాలో ఇద్దరం కూర్చుని తేలుద్దాం.

ఆశీస్సులతో.